మలేరియా కాని చలిజ్వరం: పిత్తనాళంలో 14 నెలలు ఉండిపోయిన స్టెంట్

ఆమె వయసు 48. ఒడిశా గజపతి జిల్లాలో పర్లాకిమిడికి ఇరవై కిలోమీటర్ల లోపు ఊరు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడు సూరత్‌లో పవర్‌లూమ్ పని చేస్తాడు, చిన్నవాడు ఊళ్లోనే తండ్రితో పొలం చూసుకుంటాడు. ఎవరో గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. జబ్బు నడిచిన తీరు, రిపోర్టుల్లోని అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. రాయడానికి ఆమె ఒప్పుకుంది.

జూలై రెండో వారంలో ఒక సాయంత్రం, వాన వెలిసిన కాసేపటికి, ఆటోలో మా నర్సింగ్ హోమ్‌కు తీసుకొచ్చారు. చిన్న కొడుకు ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంది. తొమ్మిది రోజులుగా జ్వరం. "జొరం ఒచ్చిందంటే మంచం కూడా ఒణికిపోతాది బాబూ, మూడు దుప్పట్లు కప్పినా ఆగదు" అన్నాడు భర్త. వణుకు తగ్గాక ఒళ్లంతా చెమట, రెండు మూడు గంటలు తేలిక, మళ్లీ మొదలు. వానాకాలంలో మా వైపు ఈ మాటలు వింటే ఎవరి నోటికైనా వచ్చే పేరు ఒక్కటే, మలేరియా. ఈ నాలుగు నెలల్లో ఆమెకు ఇలా రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ మలేరియా మందే వాడారు.

జ్వరం 103.4. నాడి 128. బీపీ 84/50. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. చేతుల మీద, పొట్ట మీద గోకిన చారలు. కుడి డొక్క పైభాగంలో చెయ్యి పెడితే ముఖం ముడుచుకుంది. పేరు అడిగితే చెప్పింది. ఇది ఏ నెలమ్మా అంటే "సంక్రాంతి ఎల్లింది కదా" అంది. పక్కన నిలబడ్డ కొడుకుని చూసి తన అన్నదమ్ముడి పేరుతో పిలిచింది.

వణుకుతో జ్వరం, కామెర్లు, కుడి డొక్క పైన నొప్పి. ఈ మూడూ కలిస్తే పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ అనుకోవాలని 1877లో ఫ్రెంచి వైద్యుడు షార్కో చెప్పాడు. వాటికి బీపీ పడిపోవడం, మతి చెదరడం తోడైతే లోపల ఒత్తిడితో చీము నిలిచి ఉందని 1959లో రేనాల్డ్స్, డార్గన్ రాశారు. ఐదూ ఒకే మనిషిలో కనిపించడం అరుదు. ఈమెలో ఐదూ ఉన్నాయి.

అయినా మా ప్రాంతంలో అంత తొందరగా ఒక పేరు దగ్గర ఆగిపోకూడదు. వానాకాలంలో జ్వరం, కామెర్లు, ప్లేట్‌లెట్లు తగ్గడం, కిడ్నీ దెబ్బతినడం అన్నీ కలిసి వచ్చే జబ్బులు ఇక్కడ మరో మూడు ఉన్నాయి. ఫాల్సిపారం మలేరియా ఒకటి. పొలంలో, బురదలో పనిచేసేవాళ్లకు ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ ఒకటి. తుప్పల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ ఒకటి. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుం దగ్గర కాలినట్టుండే నల్లటి పెచ్చు కోసం వెతికాం. లేదు. మలేరియా కిట్ నెగెటివ్, రక్తపు పూత నెగెటివ్.

రక్త పరీక్షలు వచ్చాయి. తెల్లకణాలు 21,400. ప్లేట్‌లెట్లు 82,000. కామెర్ల పసుపు రంగుకు కారణమైన బిలిరుబిన్ మొత్తం 9.8, అందులో డైరెక్ట్ 7.6. ఎస్‌జీపీటీ 118. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 612. క్రియాటినిన్ 2.3. రక్తం గడ్డకట్టే పరీక్ష ఐఎన్‌ఆర్ 1.8. వీటిలో నన్ను ఒక వైపు తిప్పింది ఆ 612. కాలేయ కణాలు చెడిపోతే ఎస్‌జీపీటీ వందల్లోంచి వేలల్లోకి పోతుంది. దారి మూసుకుపోతే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది. "విరోచనం ఏ రంగులో ఉందమ్మా" అని అడిగితే చెప్పే స్థితిలో లేదు. భర్త చెప్పాడు, "సున్నం లాగ తెల్లగా అయిపోతాంది, పది రోజులైంది." విరోచనానికి ఆ రంగు ఇచ్చేది పైత్యరసం. అది పేగులోకి దిగడం లేదు.

స్కానింగ్ నేనే చేశాను. గాల్ బ్లాడర్‌లో రాళ్లు. ఆరు మిల్లీమీటర్లు దాటకూడని పెద్ద పిత్తనాళం 17 మిల్లీమీటర్లు ఉంది. కాలేయం లోపలి సన్న కొమ్మలు కూడా ఉబ్బి ఉన్నాయి. ఆ నాళం మధ్యలో, పక్కపక్కనే పోయే రెండు తెల్లటి గీతలు. రైలు పట్టాల్లాగా. రాయి అలా ఉండదు. ఏలిక పాము అయితే కొంచెం అలాగే కనిపిస్తుంది కానీ వంపులు తిరుగుతుంది, బతికి ఉంటే కదులుతుంది. ఇది తిన్నగా, కదలకుండా ఉంది. గొట్టం.

"ఇంతకు ముందు నోట్లోంచి కెమెరా వేసి ఏమైనా చేశారా?" అని కొడుకుని అడిగాను.

"పోయినేడు చేశారు సార్. రాయి తీశామన్నారు."

పిత్తనాళం ఎలా పనిచేస్తుందో ఇక్కడ కొంత చెప్పాలి. చెప్పకపోతే ఆ రెండు గీతలు చూసి నా గుండె ఎందుకు జారిందో అర్థం కాదు.

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. అది కాలేయం లోపలి కొమ్మల్లోంచి ఒక పెద్ద నాళంలోకి చేరి, చిన్నపేగు మొదట్లో ఒక సన్న రంధ్రం గుండా పడుతుంది. ఆ రంధ్రం చుట్టూ ఒక కండరం ఉంది, మడుగు తూము మీద తలుపు లాంటిది. రసం దిగేటప్పుడు తెరుచుకుంటుంది, మిగతాప్పుడు మూసుకుంటుంది. తలుపుకి అవతల పేగులో బ్యాక్టీరియా ఉంటుంది, ఇవతల నాళం దాదాపు శుభ్రంగా ఉంటుంది. ఈ శుభ్రత ఒక్క తలుపు వల్లే కాదు. నిత్యం కిందికి పారే రసం వచ్చినవాటిని వచ్చినట్టే తోసేస్తుంది. పైత్యరసంలోని లవణాలు చాలా రకాల బ్యాక్టీరియా పొరలను కరిగిస్తాయి. నాళం గోడ నుంచి ఊరే రోగనిరోధక పదార్థాలు వాటిని గోడకు అంటుకోనివ్వవు.

ఈ ఏర్పాటులో అన్నిటికంటే ముఖ్యమైనది పారుదల. మా మహేంద్రతనయ నది నిండుగా పారుతున్నప్పుడు రాళ్ల మీద పాచి నిలవదు, ఎండాకాలం గుంటల్లో నీళ్లు నిలిచిపోతే వారం తిరక్కుండానే పచ్చబడుతుంది. పిత్తనాళంలోనూ అంతే. రాయి అడ్డుపడినా, గడ్డ నొక్కినా, గొట్టం పూడుకుపోయినా రసం నిలిచిపోతుంది. నిలిచిన రసంలో ఇ.కోలై, క్లెబ్సియెల్లా, ఎంటరోకాకస్ లాంటి పేగు బ్యాక్టీరియా పెరుగుతుంది. అప్పటికీ మనిషికి జ్వరం రాకపోవచ్చు. అసలు ప్రమాదం ఒత్తిడి పెరిగినప్పుడు. నాళంలో మామూలుగా 10 నుంచి 15 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన ఒత్తిడి ఉంటుంది. అది 20, 25 దాటితే నాళానికీ కాలేయపు రక్తనాళాలకూ మధ్య ఉన్న అడ్డుగోడ ఆగలేదు. కిందికి పోవాల్సిన రసం బ్యాక్టీరియాతో సహా వెనక్కి, నేరుగా రక్తంలోకి పోతుంది. ఆ క్షణంలో వచ్చేదే మంచం ఎగిరే వణుకు.

మలేరియాలో ఎర్రకణాలు పగిలి వణుకు వస్తుంది, ఇక్కడ రక్తంలో బ్యాక్టీరియా పడి వస్తుంది. దుప్పటి కింద ఉన్న మనిషిని చూస్తే రెండూ ఒకటే.

ఇప్పుడు చెప్పాల్సిన మాట చెబుతాను. ఏప్రిల్‌లో ఆమె నా దగ్గరికే వచ్చింది.

ఓపీ చీటీ వెతికి తీశాం. మూడు రోజుల చలిజ్వరం, వాంతి, ఆకలి లేదు. కళ్లు కొంచెం పచ్చగా ఉన్నాయని నా చేతిరాతతోనే ఉంది. బిలిరుబిన్ 2.4. మలేరియా కిట్ నెగెటివ్. దాని కింద నేను రాసింది: మలేరియా అనుమానం, టైఫాయిడ్ అనుమానం. మలేరియా మాత్రలు, ఐదు రోజుల యాంటీబయాటిక్. ఆ యాంటీబయాటిక్‌తో జ్వరం తగ్గింది. తగ్గడమే మా ఇద్దరినీ మోసం చేసింది. ఆమె మలేరియా తగ్గిందనుకుంది. నేను ఆమె మళ్లీ రాలేదు కాబట్టి బాగుందనుకున్నాను. ఆ మందు రక్తంలోని బ్యాక్టీరియాను కొంత తగ్గించింది. గొట్టం లోపల పాచిలో దాగినదాన్ని ముట్టుకోలేకపోయింది. మే నెలాఖరున మళ్లీ వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర అదే చీటీ చూపించి అవే మందులు తీసుకున్నారు. అరకొర మందు పదే పదే తగిలిన బ్యాక్టీరియా ఎలా మొండిదవుతుందో జూలైలో కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) రిపోర్టు చూపించింది.

ఆ రోజు ఓపీలో నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఇంతకు ముందు కామెర్లు వచ్చాయా, వస్తే ఏం చేశారు? అడగలేదు. ఆ రోజు ఓపీలో తొంభై మంది ఉన్నారన్నది నిజమే గానీ, అది ఆమెకు జవాబు కాదు. దమన్ అనే మలేరియా నివారణ కార్యక్రమం వచ్చాక ఒడిశా కొండ ఊళ్లలో మలేరియా బాగా తగ్గింది. మా ఆలోచనలో మాత్రం ఇంకా తగ్గలేదు. కిట్ నెగెటివ్ వచ్చినా, చలిజ్వరం అంటే మలేరియానే అని చెయ్యి రాసేస్తుంది.

కొడుకు బండి మీద ఊరికి వెళ్లి ఆ పాత కాగితాలు తెచ్చాడు. రేకు పెట్టెలో రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉన్నాయి. 14 నెలల కిందట ఒక పెద్ద నగరంలోని ఆసుపత్రిలో ఈఆర్‌సీపీ చేశారు. నోటి నుంచి గొట్టం పంపి, పేగులో ఉన్న ఆ తూము కండరాన్ని కొద్దిగా కోసి, నాళంలో రాళ్లు తీసే పద్ధతి. చిన్న రాళ్లు వచ్చాయి, ఒక పెద్ద రాయి రాలేదు. రసం దిగడానికి దారి ఉండాలని 10 ఫ్రెంచ్ ప్లాస్టిక్ స్టెంట్ పెట్టారు. అంటే 3.3 మిల్లీమీటర్ల మందం, ఇంచుమించు పెన్ను రీఫిల్ అంత. పని సరిగానే చేశారు. కాగితం మీద చివరి వాక్యం కూడా సరిగానే ఉంది: ఆరు వారాల తర్వాత మిగిలిన రాయి తీయడానికి, స్టెంట్ తీయడానికి, ఆపై గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కు రావాలి. అది ఇంగ్లీషులో ఉంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశాకు వెళ్లింది. ఇళ్లలో తెలుగు అలాగే ఉండిపోయింది. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, పిల్లలు ఒడియాలో చదువుకున్నారు. ఇంగ్లీషు కాగితం ముగ్గురిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు. "రాయి తీశామన్నారు, పచ్చ తగ్గింది, దురద పోయింది. ఇంక దేనికెళ్లాలి సార్" అని కొడుకు అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు.

డబ్బు సంగతి కూడా ఉంది. మొదటిసారి ఖర్చుకు పెద్ద కొడుకు సూరత్‌లో మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. సరిహద్దులో ఉన్నవాళ్లకు ఏ రాష్ట్రం కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో తెలుసుకోవడమే ఒక పని. అది తెలియక చేతి డబ్బు పెట్టారు. రెండోసారి పెట్టే శక్తి లేదు.

ప్లాస్టిక్ స్టెంట్‌కు ఆయుష్షు సుమారు మూడు నెలలు. పెట్టిన రోజుల్లోనే దాని లోపలి గోడకు ప్రోటీన్ల పూత పడుతుంది. తూము తలుపు దాటి గొట్టం పేగులోకి వేలాడుతుంటుంది కనుక బ్యాక్టీరియా ఎక్కడానికి నిచ్చెన వేసినట్టే. ఎక్కినది ఆ పూతకు అంటుకుని, తన చుట్టూ జిగురు అల్లుకుని గుంపుగా స్థిరపడుతుంది. బయోఫిల్మ్ అంటారు. పాత నూతి మెట్ల మీద జారుడు పాచి చూసినవాళ్లకు ఆ పదం వేరే వివరించక్కర్లేదు. ఆ జిగురు లోపలికి యాంటీబయాటిక్ సరిగా చేరదు. మెల్లగా మడ్డి పేరుకుని గొట్టం మూసుకుపోతుంది. ఈమె గొట్టం 14 నెలలు ఉంది.

టోక్యో మార్గదర్శకాల ప్రకారం ఇది మూడో గ్రేడు, అంటే అవయవాలు దెబ్బతింటున్న తీవ్రమైన పిత్తనాళ ఇన్ఫెక్షన్. సాయంత్రం 6:20కి వచ్చింది. రెండు చేతుల నుంచి బ్లడ్ కల్చర్ తీసి, 7:05కి పైపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్ మొదటి డోసు ఎక్కించాం. బరువు 46 కిలోలు, సెలైన్ లీటరున్నర దాకా వెళ్లింది. బీపీ 90 దాటకపోతే దాన్ని పెంచే నారాడ్రినలిన్ పెట్టాం. పైత్యరసం పేగులోకి దిగకపోతే కొవ్వులో కరిగే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టదు. అందుకే విటమిన్ కె 10 మిల్లీగ్రాములు నరానికి ఇచ్చాం.

ఇవన్నీ చేస్తూ ఫోన్‌లో ఉన్నాను. ఎందుకంటే ఇవేవీ ఆమెను బతికించవు, బతికి ఉంచుతాయి అంతే. మూసుకుపోయిన నాళంలోకి యాంటీబయాటిక్ దిగదు. కాలేయం మందును పైత్యరసంలోకి వదలాలంటే ఆ రసం పారుతూ ఉండాలి. తూము తెరవాలి, అది కూడా ఆ రాత్రే. 1992లో హాంకాంగ్ వైద్యులు ప్రచురించిన అధ్యయనం నేను చదువుకునే రోజుల్లోనే మా మాస్టారు చెప్పేవారు. తీవ్రమైన పిత్తనాళ ఇన్ఫెక్షన్ ఉన్న 82 మందిని రెండు జట్లు చేశారు. పొట్ట కోసి నాళం తెరిచిన జట్టులో నూటికి 32 మంది, ఎండోస్కోపీతో దారి తెరిచిన జట్టులో నూటికి 10 మంది చనిపోయారు. కోయడం నాకు చేతనవును. ఆ రాత్రి కోయకూడదని తెలియడమే అంతకంటే అవసరం.

ఈఆర్‌సీపీ దగ్గర్లో లేదు. విశాఖపట్నంలో రాత్రి చేస్తామన్న గ్యాస్ట్రో డాక్టరు దొరికారు. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషిని నాలుగు గంటల దారి పంపాలా, ఇక్కడే కాస్త నిలబడనిచ్చి పొద్దున్న పంపాలా అని ఇంట్లోవాళ్లు అడిగారు. పొద్దుటిదాకా ఆగితే పంపడానికి మనిషి ఉండకపోవచ్చని చెప్పాను. మెత్తగా చెప్పే టైం లేదు. 9:30కి సిరంజి పంపుతో, మా సిస్టరుతో అంబులెన్సు బయల్దేరింది. ఒకవేళ ఈఆర్‌సీపీ కుదరకపోతే చర్మం మీద నుంచి కాలేయంలోకి సూది వేసి రసం బయటికి తీసే పద్ధతికి కూడా అక్కడ సిద్ధంగా ఉంచారు.

తెల్లవారుజామున మూడింటికి ఫోన్ వచ్చింది. పాత స్టెంట్ లాగగానే దాని వెనక నుంచి చీము కారిందట. గొట్టం లోపల నల్లపచ్చ మడ్డి చివరిదాకా బిగిసి ఉందట. అంత జబ్బుగా ఉన్న మనిషిలో పెద్ద రాయి కోసం ప్రయత్నించలేదు. కొత్త స్టెంట్ ఒకటి పెట్టి, రసం దిగుతోందని చూసి, అరగంటలో ముగించారు. ఆ ఆగడం నాకు గౌరవంగా అనిపించింది. అప్పుడు రాయి తీయాలని గంటన్నర కూర్చుంటే ఆమె బల్ల మీదే పోయి ఉండేది.

18 గంటల్లో నారాడ్రినలిన్ ఆపారు. రెండో రోజుకి జ్వరం పోయింది, మూడో రోజు కొడుకుని పేరు పెట్టి పిలిచింది. రక్తంలో ఇ.కోలై వచ్చింది. పైత్యరసంలో అదే ఇ.కోలైతో పాటు ఎంటరోకాకస్ ఫీకాలిస్ కూడా. ఇ.కోలై ఈఎస్‌బీఎల్ రకం, అంటే మనం మొదట చేయి చాచే సెఫలోస్పోరిన్ మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉన్నది. ఏప్రిల్, మే నెలల్లో ఇచ్చిన మాత్రలు గుర్తొచ్చాయి. మెరోపెనెమ్‌కు మార్చి, ఎంటరోకాకస్ కోసం యాంపిసిలిన్ కలిపారు. దారి తెరిచిన రోజు నుంచి లెక్కేసి ఏడు రోజులకు ఆపేశారు. నెల రోజుల యాంటీబయాటిక్ అవసరం లేదు. దారి తెరుచుకున్నాక వారం చాలు.

పదో రోజు ఇంటికి వెళ్లింది. ఆరు వారాలకు మళ్లీ విశాఖ. ఈసారి తూమును బెలూన్‌తో వెడల్పు చేసి, 16 మిల్లీమీటర్ల రాయిని లోపలే బుట్టతో నలిపి తీసి, స్టెంట్ కూడా తీసేశారు. మరో పది రోజులకు లాప్రోస్కోపీలో గాల్ బ్లాడర్ తీశారు. బయాప్సీలో పాత వాపు తప్ప క్యాన్సర్ లేదు.

ఆ రాళ్లను సీసాల్లో నాకు పంపమని అడిగాను. గాల్ బ్లాడర్‌లోవి లేత పసుపు, గట్టివి, గోలీల్లా నున్నగా ఉన్నాయి. కొలెస్ట్రాల్ రాళ్లు. నాళంలోది వేరు. వేళ్ల మధ్య నొక్కితే మట్టిబెడ్డలా పొడి అయ్యింది. ముక్కలు పేర్చి చూస్తే నడిమధ్యన లేత పసుపు, దాని చుట్టూ పొరలు పొరలుగా గోధుమ రంగు. గాల్ బ్లాడర్ నుంచి జారిన రాయి చుట్టూ నాళంలో కొత్త రాయి పెరిగింది.

ఆ గోధుమ పొరలు కట్టింది బ్యాక్టీరియా. కాలేయం బిలిరుబిన్‌ను నీటిలో కరిగేలా చేసి రసంలోకి వదులుతుంది. ఇ.కోలై దగ్గర ఉన్న బీటా-గ్లూకురోనిడేజ్ అనే ఎంజైమ్ ఆ ముడి విప్పేస్తుంది. విడిపోయిన బిలిరుబిన్ కరగదు, కాల్షియంతో కలిసి అడుగున పడుతుంది. ఇంకో ఎంజైమ్ పైత్యరసంలోని లెసిథిన్ అనే కొవ్వును విరిచి పామిటిక్ ఆమ్లం వదులుతుంది, అదీ కాల్షియంతో కలిసి సబ్బుమడ్డి లాంటిదవుతుంది. 1966లో జపాన్ వైద్యుడు మాకి ఈ సంగతి రాశాడు. రాయి వల్ల ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇన్ఫెక్షన్ వల్ల కూడా రాయి వస్తుంది. రాయి దారి మూస్తుంది, నిలిచిన రసంలో బ్యాక్టీరియా పెరుగుతుంది, అది రాయిని పెంచుతుంది. ఈ చక్రం రాయి తీసి దారి తెరిస్తేనే తెగుతుంది.

మా ప్రాంతంలో ఇంకో రకం రాయి ఉంది, దాన్ని వీటితో కలపకూడదు. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు, యువకులకు ఎర్రకణాలు త్వరగా పగిలి గాల్ బ్లాడర్‌లో నల్లటి చిన్న రాళ్లు వస్తాయి. వాటికి బ్యాక్టీరియాతో పని లేదు. కొరాపుట్, రాయగడ, గజపతి వైపు ఇరవై ఏళ్లలోపు వాళ్లలో గాల్ బ్లాడర్ రాళ్లు కనిపిస్తే సికిల్ పరీక్ష చేయకుండా ఆపరేషన్ గురించి మాట్లాడకూడదని నా నియమం. నాళంలోకి ఏలిక పాము ఎక్కి, చచ్చి, దాని చుట్టూ గోధుమ రాయి కట్టిన కేసులు పదిహేనేళ్ల కిందట ఏడాదికి రెండు మూడు చూసేవాణ్ణి. బడిలో ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల మాత్రలు వేయడం మొదలయ్యాక నా దగ్గరికి అలాంటివి రావడం బాగా తగ్గింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె మొదట అడిగింది, "బాబూ, నా పైత్యంలో పురుగులున్నాయన్నారట, అవి పోయాయా?"

సరైన ప్రశ్న. అబద్ధం చెప్పలేదు. పోవు. ఈఆర్‌సీపీలో తూము కండరాన్ని కోశాక తలుపు పూర్తిగా మూసుకోదు. ఆ తర్వాత పేగు బ్యాక్టీరియా నాళంలోకి వస్తూ పోతూ ఉంటుంది. పారుదల బాగుంటే ఆమెకు దానివల్ల ఏమీ కాదు. జ్వరం లేని మనిషి పైత్యరసాన్ని కల్చర్ చేసి, బ్యాక్టీరియా ఉందని యాంటీబయాటిక్ రాసే చీటీలు నేను చూశాను. అది తప్పు. బ్యాక్టీరియా ఉండటం జబ్బు కాదు, నిలవ ఉండటం జబ్బు. ఆకును నమిలితే, ఫలానా టానిక్ తాగితే పైత్యం శుద్ధి అవుతుందన్న మాటకూ నా జవాబు అదే. పారే దారి చూసుకోండి.

అయితే అన్ని బ్యాక్టీరియాలూ ఒకటి కాదు. టైఫాయిడ్ తగ్గినవాళ్లలో నూటికి కొద్దిమందిలో ఆ క్రిమి గాల్ బ్లాడర్‌లో, ముఖ్యంగా రాళ్ల మీద పాచి కట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వాళ్లకు జ్వరం ఉండదు, వాళ్ల చేతి వంట తిన్నవాళ్లకు వస్తుంది. అలా దీర్ఘకాలం మోసేవాళ్లలో గాల్ బ్లాడర్ క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తుందని వేర్వేరు దేశాల అధ్యయనాలు చెప్పాయి. ఈమె విషయంలో బయాప్సీ కోసం నేను పట్టుబట్టిన కారణాల్లో అదొకటి. థాయిలాండ్ వైపు పచ్చి చేపల నుంచి నాళంలోకి చేరే లివర్ ఫ్లూక్ అనే పురుగు పిత్తనాళ క్యాన్సర్‌కు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. దీర్ఘకాలం వాపు ఉన్న నాళంలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుందన్నది అక్కడి నుంచి మనం నేర్చుకున్న పాఠం. క్లోమ క్యాన్సర్ మీద 2017లో వచ్చిన పరిశోధన నాకు మరీ ఆశ్చర్యం కలిగించింది. గడ్డలోకి చేరిన కొన్ని పేగు బ్యాక్టీరియాలు జెమ్‌సిటాబిన్ అనే క్యాన్సర్ మందును అక్కడే విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తున్నాయని చూపించారు. అవి పేగు నుంచి నాళం దారిలోనే వెనక్కి ఎక్కి ఉండొచ్చని వాళ్ల ఊహ. ఇంత సన్నటి దారిలో ఇంత జరుగుతుందని నేను చదువుకున్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

పసరు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే జూలైలో నా దగ్గరికి రావడానికి ముందు ఆరు రోజులు ఆమె పసరు మీదే ఉంది. ముక్కులో వేశారు, చేతి మీద వాత కూడా పెట్టారు. పసరు వేసే ఆయన్ని నేను తిట్టను. ఆయన దగ్గరికి వచ్చే కామెర్లలో ఎక్కువ శాతం నీటి వల్ల వచ్చే హెపటైటిస్. అది పత్యం ఉన్నా, లేకపోయినా, పసరు వేసినా, వేయకపోయినా ఎక్కువమందిలో నాలుగు నుంచి ఆరు వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. కాబట్టి ఆయన చేతికి మంచి పేరు వచ్చింది. మూసుకుపోయిన దారి కామెర్లు అలా తగ్గవు. విరోచనం తెల్లబడినా, ఒళ్లంతా దురద పెట్టినా, కామెర్లకు తోడు వణుకు జ్వరం వచ్చినా పసరు వేయకుండా పంపమని ఆయనకే వెళ్లి చెప్పాను. ఈ మూడూ ఆయనకు గుర్తున్నాయి. సెప్టెంబరులో ఒకరిని పంపాడు కూడా, రాయే.

ఏప్రిల్ నాటి నా తప్పుకు నేను చేయగలిగింది ఒక నోటు పుస్తకం. మా నర్సింగ్ హోమ్‌లో, దగ్గరి రెండు క్లినిక్‌లలో ఎవరి ఒంట్లో స్టెంట్ ఉందని తెలిసినా అందులో రాస్తాం. పిత్తనాళానిదైనా, మూత్రనాళానిదైనా. పేరు, ఇంట్లో ఒకరి ఫోను, వలస వెళ్లినవాళ్ల ఫోను, పెట్టిన తేదీ, తీయాల్సిన తేదీ. మనిషికి ఒక చిన్న చీటీ ఇస్తాం, తెలుగులో ఒకవైపు, ఒడియాలో ఒకవైపు: "నా పొట్టలో గొట్టం ఉంది. ఈ తేదీలోపు తీయించాలి. వణుకు జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి." ప్లాస్టిక్ కవర్లో రేషన్ కార్డుతో పెట్టుకోమంటాం. ముఖ్యమైన కాగితాలు ఉండేది అక్కడే అని ఆమె రేకు పెట్టె చూశాక తెలిసింది. చలిజ్వరంతో ఎవరు వచ్చినా మా సిస్టరు బీపీ చూసే ముందే ఇప్పుడు గొట్టం సంగతి అడుగుతుంది.

జనవరిలో ఆమె బిలిరుబిన్ 0.8, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 104. కోతల పనికి వెళ్లింది. గుడ్డు తినొచ్చా అని అడిగింది, తినమన్నాను.

పుస్తకంలో ఈ రోజుకి 11 పేర్లున్నాయి. తొమ్మిది మందివి తీసేశారు లేదా తేదీ ఇంకా ఉంది. ఒకరు సూరత్‌లో, ఫోన్ చేస్తే హోలీకి వస్తానంటున్నాడు. అది తేదీ దాటాక ఐదు వారాలు అవుతుంది, అక్కడే ఒక ఆసుపత్రి చూసి చెబుతానన్నాను. ఇంకొకరి ఫోన్ స్విచ్ ఆఫ్ వస్తోంది. ఊరు పేరు మాత్రం ఉంది, కొండ వైపు. ఆ ఊరివాళ్లు గురువారం సంతకు దిగుతారు. ఆశా కార్యకర్తకు చీటీ ఇచ్చి పంపుతున్నాను.